కొనుక్కున్న శకునం

కిందటి దసరా నాడు పొద్దున్నే మా వీధిలోకి ఒకతను పంజరం పట్టుకొచ్చాడు. పైన ఎర్రగుడ్డ కప్పి ఉంది. "పాలపిట్ట అమ్మా! ఇరవై రూపాయలియ్యిండ్రి, దర్శనం చేసుకోండ్రి" అని కేక వేశాడు. ఇంకేముంది! తోరణాలు కట్టేవాళ్లం కడుతున్నవి కడుతున్నట్టే వదిలేసి గుమిగూడాం. నేనూ ఇరవై ఇచ్చి, గుడ్డ తీయగానే భక్తిగా చేతులు జోడించాను.

మా అత్తయ్య మాత్రం గడప దిగలేదు. "శకునమంటె దానంతటదే ఎదురు రావాలె గని, కాళ్లు కట్టి తెస్తె అది శకునమెట్లైతదే?" అన్నది.

అప్పుడు గానీ నేను పిట్టను సరిగ్గా చూడలేదు. కాళ్లకు దారం. రెక్కల కొసలు కత్తిరించి ఉన్నాయి. వాలి ఉన్నప్పుడు పాలపిట్ట మామూలు పిట్టే. రెక్క విప్పి ఎగిరినప్పుడే ఆ నీలాల తళుకంతా. మరి ఎగరలేని పాలపిట్టలో నేను చూసిందేమిటి?

జమ్మిచెట్టు మీది ఆయుధాలు తీసుకుని పాండవులు బయలుదేరినప్పుడు ఈ పిట్ట ఎదురైందనీ, విజయదశమి నాడు దాన్ని చూస్తే ఏడాదంతా జయమేననీ పెద్దల నమ్మకం. ఒకప్పుడు పొలిమేర దాకా నడిచి, చేలగట్ల మీద వెతుక్కుని చూసేవాళ్లు. ఊళ్లు పెరిగాయి, చేలు దూరమయ్యాయి. మనం పిట్ట దగ్గరకు వెళ్లడం మానేశాం. పిట్టే మన దగ్గరకు రావాలన్నాం. దానంతట అది రాదు గనుక పట్టి తెచ్చేవాడు తయారయ్యాడు.

ఇది నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడమొక్కటే వేట కాదు, వల పన్ని పట్టుకోవడమూ వేటే. మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. 2022లో చట్టాన్ని సవరించి, 25 వేల రూపాయలున్న గరిష్ఠ జరిమానాను లక్ష చేశారు. పైగా పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి కూడానూ!

నన్ను తొలిచే ప్రశ్న మాత్రం వేరు. అటవీశాఖవాళ్లు వస్తే పట్టుకెళ్లేది అతణ్ణే. ఇరవై రూపాయలిచ్చిన నన్నెవరూ అడగరు. పొట్టకూటికి పంజరం మోసినవాడు నేరస్థుడు, పుణ్యం కోసం డబ్బిచ్చిన నేను భక్తురాలిని! నాలాంటి పదిమంది ఇస్తారన్న ధీమాతోనే గదా అతను జిగురుపుల్లలు పట్టుకుని చేలలోకి వెళ్లింది?

"పోనీ, డబ్బిచ్చి విడిపించేద్దామండీ" అన్నారు పక్కింటి వదినగారు. మంచి మనసే. కానీ రెక్కలు కత్తిరించిన పిట్టను వదిలితే పిల్లి నోట పడుతుంది. మనమిచ్చిన డబ్బుతో అతను మరో రెండు పట్టుకొస్తాడు. ఈకలు మొలిచేదాకా తెలిసినవాళ్లు సాకితే తప్ప దానికి విడుదల లేదు. దయ కూడా ఒక్కోసారి బేరమైపోతుంది, చూశారా!

1976లో 42వ సవరణతో మన రాజ్యాంగంలో పౌరుల ప్రాథమిక విధులు చేర్చారు. అడవులనూ వన్యప్రాణులనూ కాపాడటం, జీవుల పట్ల దయగా ఉండటం అందులో ఒకటి. ఆ విధి తప్పితే ఇంత శిక్ష అని అక్కడ రాయలేదు. శిక్ష లేని మాటకు విలువేముంటుందని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడలా అనిపించడం లేదు. శిక్ష రాసిన చట్టం పంజరం మోసేవాడి చెయ్యి పట్టుకుంటుంది. శిక్ష రాయని ఆ వాక్యం, పంజరం ముందు చేతులు జోడించే నాలాంటివాళ్ల కోసం. మనం జోడించడం మానితే అతను మోయడమూ మానతాడు. ఆ పని ఏ అధికారీ మన తరఫున చేసిపెట్టలేడు.

వచ్చే దసరాకు పొలాలవైపు వెళదామన్నాను అత్తయ్యతో. "అక్కడ కనబడకపోతేనో?" అని అడిగాను.

"కనబడకుంటె, ఎందుకు కనబడ్తలేదో సోంచాయించాలె" అన్నదామె.

నిజమే. పాలపిట్ట బతకాలంటే మిడతలు తిరిగే చేను కావాలి. గూడు పెట్టుకోను తొర్ర ఉన్న ముసలిచెట్టు కావాలి. అవి మిగిలిన ఊళ్లో అది ఎవరూ తేకుండానే తీగ మీద వాలుతుంది. అంతకన్నా మంచి శకునం ఏ ఊరికైనా ఏముంటుంది చెప్పండి?