దాసోహమే సర్వమత సమరసము



ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొని పూజించు భక్తునికిని పరమశివునికిని నడుమ మూడవవారికి చోటు లేదు. బసవేశ్వరాది శరణులు ఈ అధికారమును స్త్రీకిని పురుషునికిని, మంత్రికిని చెప్పులు కుట్టువానికిని సమానముగా నొసగిరి. ప్రతి దేహమును శివుని యాలయమేయని నమ్మినవాడు ఏ దేహమును అంటరానిదనగలడు? కావున మన మార్గమున భక్తి యొకటి, సామాజిక న్యాయము వేరొకటి కాదు. న్యాయము లేని భక్తి దీపము లేని గుడి వంటిది.

12వ శతాబ్దమున కల్యాణ నగరమందు అల్లమప్రభువు అధ్యక్షతన నడచిన అనుభవ మంటపమును స్మరింపుడు. మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనువాడు. వారు తమ వృత్తులను వీడి శరణులు కాలేదు. కాయకమను పేర ఆ వృత్తినే పూజగా మార్చుకొనిరి. అందరును ఒకచోట కూర్చుండి శివానుభవమును ముచ్చటించుకొన్నంత కాలము లోకము ఎట్లో సహించెను. కాని హరళయ్య కుమారునికి మధువరసు కుమార్తె నిచ్చి వివాహము జరిపినపుడు సహింపలేదు. ఒకరు చెప్పులు కుట్టు కులమునుండి, మరొకరు బ్రాహ్మణ కులమునుండి వచ్చిన శరణులు. బిజ్జలుడు ఆ తండ్రుల నిద్దరిని క్రూరముగా శిక్షించెనని మన సంప్రదాయము చెప్పుచున్నది. ఉపన్యాసములోని సమానత్వముపై ఎవరును కోపగింపరు. అది భోజనపు పంక్తిలోనికిని పెండ్లిపందిటిలోనికిని వచ్చిననాడే పరీక్ష మొదలగును.

ఆ పరీక్ష నేటికిని ముగియలేదు. అస్పృశ్యతను 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము 17వ అధికరణముచే నిషేధించినది. అంతకు ఎనిమిది శతాబ్దములకు ముందే మన పెద్దలు ఆ మాట చెప్పిరని మనము గర్వింతుము. మంచిదే. కాని బసవజయంతినాడు అట్లు గర్వించి, మరునాడు సంబంధము చూచునపుడు “మీరు మనలో ఏ శాఖవారు?” అని యడుగుట న్యాయమా? లింగము ధరించిన ఇరువురి నడుమనే గోడ కట్టుకొన్న మనము అన్యమతములతో ఐక్యమును గూర్చి పలుకు మాటకు బలమెక్కడిది?

“మనది దీక్షగల మతము. ఇతరులతో సమరసమనిన నిష్ఠ సడలిపోదా?” అని కొందరు పెద్దలు సందేహింతురు. లింగము పతి, శరణుడు సతి యనునది మన సిద్ధాంతము. పతివ్రత తన పతిని సేవించుటకై ఇరుగుపొరుగువారిని దూషింప నక్కరలేదు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును దేశిచ్ఛందమైన ద్విపదలో రచించి తెలుగువారికి మహోపకారము చేసెను. అందు ఏకాంత రామయ్య జైనులతో కలహించిన కథయు కలదు. ఆనాడు మతముల నడుమ ఘర్షణ తీవ్రముగా నుండెను. ఆ కథనుండి రామయ్యగారి నిష్ఠను గ్రహింతము. ఆ కలహమును మాత్రము మన బిడ్డలకు వారసత్వముగా నీయకుందము.

నిష్ఠ సడలకుండ సమరసమును సాధించు త్రోవను శరణులే చూపిరి. అది దాసోహము. ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చుచుండెను. ఒకనాడు ఎక్కువగా తేగా, భార్యయైన లక్కమ్మ ఆనాటికి చాలినంత తీసికొని, మిగిలినది ఎక్కడిదో అక్కడనే పోసి రమ్మని పంపెను. అవసరమునకు మించినది మనది కాదని యామె తెలిసికొన్నది. మనది కానిదానిని పెట్టునపుడు తినువాని కులమడుగుటకును, మతమడుగుటకును మన మెవ్వరము?

ఈ త్రోవ గ్రంథములలోనే నిలిచిపోలేదు. 1822లో లింగైక్యులైన కలబురగి శరణబసవేశ్వరులు దాసోహమునకు ప్రసిద్ధులు. ఆ నగరముననే 1422లో పరమపదించిన ఖ్వాజా బందేనవాజు దర్గా కలదు. ఆ రెండు తావులకును ఉభయ మతములవారును నేటికిని పోయి మ్రొక్కుచున్నారు. తుమకూరు చెంతనున్న సిద్ధగంగా మఠమున వేలకొలది బాలురకు కులమత భేదము లేక అన్నము, వసతి, విద్య ఉచితముగా లభించుచున్నవి. ఆ సేవను దశాబ్దముల తరబడి నడపిన శ్రీ శివకుమారస్వామివారు 2019 జనవరి 21న, 111 సంవత్సరముల వయస్సున లింగైక్యులైరి. వారు తమ లింగపూజను ఒక్కనాడును తక్కువ చేసికొనలేదు. అన్యులబిడ్డ ఆకలిని తక్కువగా చూడలేదు.

కావున మఠాధిపతులకును గృహస్థులకును నా విన్నపము మూడు మాటలు. మన ప్రసాదపు పంక్తిలో చోటడిగిన వానిని “నీవెవ్వడవు?” అని అడుగకుందము. లింగధారుల వివాహములలో శాఖాభేదమును పాటింపకుందము. గ్రామమున అన్యమతస్థుని యింట ఆపద కలిగిన, పిలుపునకై వేచియుండక బియ్యపు మూటతో ముందుగా మనమే పోవుదము. లింగమునుంచుకొన్న ఆ చేతితోనే అన్నము పెట్టినపుడు పూజ పూర్తియగును.