మనోళ్లు మనోళ్లతో ఆడినప్పుడు

ఏప్రిల్ నెల. సాయంత్రం ఐదు దాటినా పాపన్నపేటలో ఎండ ఇంకా దిగలేదు. గ్రౌండులో మట్టి కోర్టు మీద నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీశారు. నడిగీతకు ఇటువైపు ఏడుగురు, అటువైపు ఏడుగురు, బయట ఇంకో ఇద్దరు. పదహారు మందీ ఒకే కాలేజీ టీమ్ పిల్లలే. జెర్సీలు ఒకటే కాబట్టి తేడా తెలియడానికి ఒక జట్టు బనియన్లతో దిగింది. టోర్నమెంటుకు ముందు ఆఖరి ప్రాక్టీస్ మ్యాచ్ అది. టీమ్‌లోకి పన్నెండు మందినే తీసుకుంటారు. అంటే రాత్రికల్లా నలుగురి పేర్లు పోతాయి.

హైదరాబాద్ నుంచి శని, ఆదివారాలకు వచ్చే నాలాంటివాడికి ఈ టీమ్ అంటే కాస్త పిచ్చి. ఏడుపాయల జాతర ఎప్పుడో, ఈ పిల్లల మ్యాచ్‌లు ఎప్పుడో, రెండూ క్యాలెండర్‌లో రాసిపెట్టుకుంటాను. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పటి నుంచి తెలుగు టైటన్స్‌ను చూస్తూనే ఉన్నా, గొంతు పోయేలా అరిచింది మాత్రం ఈ మట్టి కోర్టు పక్కనే.

ఆ రోజు మాత్రం అరవడం చేతకాలేదు.

మొదటి రైడ్‌కే బనియన్ జట్టు పిల్లాడు కూత పెడుతూ వెళ్లి, కవర్‌లో ఉన్నవాడి మోకాలు తాకి వచ్చేశాడు. నా చేతులు చప్పట్లకు లేచాయి. అంతలోనే ఔటై తల వంచుకుని బయటికి నడుస్తున్న పిల్లాడు కనిపించాడు. పోయినేడాది టోర్నమెంటులో మమ్మల్ని గట్టెక్కించింది వాడే. చప్పట్లు సగంలో ఆగిపోయాయి. పక్కనే గట్టు మీద కూర్చున్న పెద్దాయన అది గమనించి అడిగాడు.

"ఎవరి దిక్కున్నవ్ బిడ్డా?"

"ఇద్దరూ మనోళ్లే కదా తాతా."

"గట్లయితే సప్పట్లు రెండు సార్లు కొట్టాలె. లేకుంటే ఒక్కసారి గూడ కొట్టొద్దు."

ఆయన నవ్వులాటకే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట అక్కడే ఇరుక్కుపోయింది.

మామూలు మ్యాచ్‌లో ఇలాంటి సమస్య రాదు. మనవాడు రైడ్‌కు వెళ్లి ఇద్దర్ని తాకి వస్తే రెండు పాయింట్లు. ఆ ఇద్దరూ ఎవరో మనకు తెలియదు, తెలుసుకోవాలని కూడా ఉండదు. వాళ్ల ఓటమి మన సంతోషం లెక్కలోకి రాదు. అభిమానం అనే మాటను మనం ప్రేమ అర్థంలోనే వాడతాం గానీ, అందులో సగం పని 'చూడకపోవడమే'. ఎదుటి జట్టులోనూ ఒక ఊరు ఉంటుంది, ఒక అమ్మ ఉంటుంది, పొద్దున్నే లేచి చేసిన కసరత్తు ఉంటుంది. అవన్నీ గుర్తొస్తే గొంతెత్తి అరవలేం. ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఆ సౌకర్యం పోతుంది. ప్రతి మంచి రైడ్ వెనకా మన డిఫెన్స్ తప్పు ఉంటుంది. ప్రతి మంచి పట్టు కింద మన రైడరే నలుగుతుంటాడు. అన్ని ఆటల్లోనూ గెలుపుకి ఉండే ఖరీదు ఇదే. కాకపోతే ఇక్కడ బిల్లు కూడా మన ఇంటికే వస్తుంది.

అమెరికాలో చదువుకున్న నా స్నేహితుడొకడు అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ గురించి చెబుతుంటాడు. మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడేది. అసలు సీజన్ శరదృతువులో అయితే, వసంతంలో టీమ్ తనని తాను రెండుగా చీల్చుకుని ఒక మ్యాచ్ ఆడుతుంది. 2007 ఏప్రిల్‌లో అలబామా యూనివర్సిటీ టీమ్ అలాంటి మ్యాచ్ ఆడితే చూడ్డానికి 92,138 మంది వచ్చారు. కొత్త కోచ్ నిక్ సేబన్ అప్పటికి ఆ టీమ్‌తో ఒక్క అసలు మ్యాచ్ కూడా ఆడించలేదు. 2016లో ఒహాయో స్టేట్ వాళ్ల ప్రాక్టీస్ మ్యాచ్‌కు లక్ష దాటారు. టీమ్ ఓడిపోయే అవకాశమే లేని ఆట కోసం లక్ష మంది! అలబామాలో ఇంకో ఆనవాయితీ కూడా ఉండేది. మ్యాచ్ తర్వాత భోజనంలో గెలిచిన సగానికి మాంసం ముక్కలు, ఓడిన సగానికి చిక్కుడు గింజలు. ఒకే టీమ్, ఒకే హాలు. తింటున్నది మాత్రం వేరు.

ఆ భోజనం సంగతి విన్నప్పుడు నవ్వుకున్నాను గానీ, అందులో ఒక నిజం ఉంది. ప్రాక్టీస్‌కు కాస్తయినా పందెం లేకపోతే అది ప్రాక్టీసే కాదు. అందరికీ మాంసమే అంటే ఎవరూ ఒళ్లు వంచరు. మరి పందెం పెరిగితే?

దీనికి భారతంలోనే ఒక ఘట్టం ఉంది. ద్రోణుడు శిష్యుల చదువు పూర్తయిందని, వాళ్ల విద్యను పెద్దలకు చూపించడానికి రంగస్థలం కట్టిస్తాడు. యుద్ధం కాదు, ప్రదర్శన. 'దాన వీర శూర కర్ణ' చూసినవాళ్లందరికీ కర్ణుడి ప్రవేశం, కులం ప్రశ్న, అంగరాజ్యం గుర్తుంటాయి. అంతకు ముందు జరిగింది మాత్రం పెద్దగా ఎవరూ తలుచుకోరు. భీముడూ దుర్యోధనుడూ గదలతో దిగుతారు. చూస్తున్న జనం రెండుగా చీలిపోయి, ఒకరు భీముడంటే ఇంకొకరు దుర్యోధనుడని అరవడం మొదలుపెడతారు. ఆ అరుపులకు ఆట కాస్తా పోరు అయ్యేలా ఉందని గ్రహించి, ద్రోణుడు కొడుకు అశ్వత్థామను పంపి వాళ్లిద్దర్నీ ఆపిస్తాడు.

ఈ కథ చదివిన ప్రతిసారీ మనం ఆ అన్నదమ్ముల పగ గురించే మాట్లాడుకుంటాం. ఆ రోజు పాపన్నపేట గట్టు మీద కూర్చుని నేను ఆలోచించింది జనం గురించి. ఎవరు చీల్చమన్నారు వాళ్లను? ఇద్దరూ వాళ్ల యువరాజులే కదా. చూడ్డానికి వచ్చినవాడు ఎవరో ఒకరి పక్కన నిలబడకపోతే ఉండలేడు. వాడి ఉత్సాహమే మైదానంలో ఉన్నవాడి చేతికి బరువు అవుతుంది. అక్కడ ఆపడానికి ద్రోణుడు ఉన్నాడు. ఇప్పుడు ప్రతి ప్రేక్షకుడి చేతిలో ఫోన్ ఉంది.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

సెకండ్ హాఫ్‌లో ఒక రైడర్ వెళ్లాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, ఇంటర్ సెకండియర్. కోర్టులో రెండడుగులు వేశాడో లేదో, ఎడమ కార్నర్ పిల్లాడు చీలమండ అందుకున్నాడు. వెంటనే ఇద్దరు మీద పడ్డారు. బోర్లా పడినవాడి నోట్లో మట్టి. పన్నెండు సెకన్లు ఉంటుందేమో, మొత్తం నా ఫోన్‌లో పడింది. వాడు లేచి ఉమ్ముతూ నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. అలవాటుగా మా పాత స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. రెండు నిమిషాల్లో మొదలైంది. "వీడేం రైడర్ రా", "ఇంటికి పంపండి", ఇంకా నాలుగైదు బొమ్మలు. ఆ గ్రూపులో సార్ కూడా ఉన్నారు.

రాత్రి పన్నెండు పేర్ల లిస్టు వచ్చింది. వాడి పేరు లేదు.

మర్నాడు ఒక పిల్లాడు మాటల్లో చెప్పాడు. ఆ రోజు సార్ రైడర్లకు ఒక షరతు పెట్టారట. అలవాటైన వైపు వెళ్లకూడదు, రెండో వైపు నుంచే రైడ్ చేయాలి. ఆ సన్నటి పిల్లాడు ఎప్పుడూ కోర్టు కుడి పక్క నుంచి పోయేవాడు. నిన్న ఎడమ నుంచి పోయాడు. ఆ కార్నర్‌కు అది తెలుసు, కాచుకుని ఉన్నాడు. నా వీడియోలో షరతు లేదు, దాని ముందూ వెనకా లేదు. ఒకడు పడిపోవడం మాత్రమే ఉంది.

ఈ షరతు విన్నప్పుడు నాకు సయ్యద్ అబ్దుల్ రహీం గుర్తొచ్చారు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ను, ఇండియా టీమ్‌ను నడిపిన కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లను సెమీఫైనల్ దాకా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం దాకా తీసుకెళ్లినాయన. వృత్తికి టీచర్. హైదరాబాద్ కుర్రాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడాలని, డ్రిబ్లింగ్ చేయకూడదని షరతులు పెట్టి పోటీలు నడిపించేవారని ఆయనకు పేరు. ఆ మ్యాచ్‌లు పక్కన నిలబడి చూసినవాడికి ఎలా కనిపించి ఉంటాయి? కుడికాలి ఆటగాడు ఎడమకాలితో తన్నబోయి బంతి తప్పుతుంటే, బయటివాడు "వీడికి ఆటే రాదు" అనుకుని ఉండడా? కానీ వాడు నేర్చుకుంటున్నది అదే తప్పడంలో. ప్రాక్టీస్ అంటే చేతకానిది చేయడం. చేతకానిది చేస్తే చేతకానట్టే కనిపిస్తుంది.

మా సాఫ్ట్‌వేర్ పనిలో దీనికో ఏర్పాటు ఉంది. కోడ్‌ని జనం మీదకు వదిలే ముందు టెస్ట్ సర్వర్‌లో నడిపిస్తాం. అక్కడ కూలిపోతే ఎవరూ నవ్వరు. కూలడానికే అది ఉంది. మనిషికి ఆ వీలు లేదు. ప్రాక్టీస్‌కు ఒక ఒళ్లు, టోర్నమెంటుకు ఇంకో ఒళ్లు ఉండవు. అదే మోకాలు, అదే పేరు, అదే పరువు. కాబట్టి ఆ టెస్ట్ సర్వర్‌ను చుట్టూ ఉన్న మనుషులే కట్టాలి. 'ఇక్కడ పడినా లెక్కలోకి రాదు' అన్న ఒప్పందం వాళ్ల మధ్య ఉంటేనే అది నిలుస్తుంది. చీలమండ పట్టుకున్న కార్నర్ పిల్లాడు ఆ ఒప్పందం పాటించాడు. గట్టిగా పట్టాడు, మెలిపెట్టలేదు. వాడు లేవగానే వీపు దులిపాడు కూడా. ఒప్పందం తప్పింది గట్టు మీద ఉన్న నేను.

"అయితే చూడ్డానికే రావద్దా?" అని అడగొచ్చు. ఆ దారిలో పోయినవాళ్లూ ఉన్నారు. నెబ్రాస్కా యూనివర్సిటీ 2025లో తన వసంతకాలపు మ్యాచ్‌ను మామూలు పద్ధతిలో ఆడటం మానేసింది. అంతకు ముందు ఏడు టీవీలో చూసి వేరే టీమ్‌ల వాళ్లు తమ ఆటగాళ్లకు వల వేశారని కోచ్ మాట్ రూల్ చెప్పారు. వాళ్ల భయం బాగా ఆడినవాడు పోతాడని, నా భయం సరిగ్గా ఆడనివాడు పోతాడని. రెంటికీ మూలం ఒకటే, లోపలివాళ్ల కోసం జరిగేది బయటికి పొక్కడం.

అయినా తలుపులు మూయడం నాకు నచ్చదు. పాపన్నపేటలో ఆ మ్యాచ్‌కు వచ్చింది ముప్పై మంది కూడా ఉండరు. ఆ పెద్దాయన రోజూ వస్తాడు. టీమ్‌లోకి రాని నలుగురికీ ఊరి ముందు ఆడిన చివరి మ్యాచ్ అదే. మనం దాన్ని ప్రాక్టీస్ అంటున్నాం, వాళ్లకు అదే ఫైనల్. అది కూడా ఎవరూ చూడకపోతే వాళ్ల ఏడాది కష్టానికి సాక్షి ఎవరు? చూడాలి. చూసినదాన్ని తీర్పుగా మార్చకుండా ఉండగలగాలి. చెప్పినంత సులువు కాదది. నేను ఒక సాయంత్రం కూడా ఉండలేకపోయాను.

సార్ దగ్గరికి వెళ్లి అడిగాను. "నీ వీడియో చూసి టీమ్ పెడతానా? లిస్టు నా మనసులో ముందే ఉంది," అన్నారు. అబద్ధం చెప్పే మనిషి కాదు. అయినా నాకు ఊరట కలగలేదు. వీడియో వల్ల వాడి పేరు పోలేదనే అనుకుందాం. పోయిన పేరు మీద నవ్వులు మాత్రం నేనే అంటించాను. ఫలితం మారలేదు కాబట్టి తప్పు లేదంటే, ప్రాక్టీస్ మ్యాచ్‌లో ఫలితమే లేదు కాబట్టి అందులో ఏం చేసినా చెల్లుతుందనాలి. ఆ మాట ఆ కార్నర్ పిల్లాడు ఒప్పుకోడు. అలా అనుకుని ఉంటే చీలమండ మెలిపెట్టేవాడు.

గ్రూపులోంచి వీడియో తీసేశాను. అప్పటికే ఎందరి ఫోన్లలో ఉందో. ఆదివారం సాయంత్రం బస్సు ఎక్కే ముందు ఆ సన్నటి పిల్లాడు గ్రౌండు దగ్గరే దొరికాడు. లిస్టులో లేకపోయినా ప్రాక్టీస్‌కు వచ్చాడు, మిగతావాళ్లకు ఎదురు ఆడటానికి మనిషి కావాలి కదా. ఏం చెప్పాలో తెలియక, "తప్పయింది తమ్మీ, వీడియో డిలీట్ చేసిన," అన్నాను.

వాడి ముఖం చిన్నబోయింది. "అయ్యో, ఎందుకు చేసినవ్ అన్నా? నీ ఫోన్ల కూడా లేదా? నాకు కావాలె. ఎడమ కాలు ఎక్కడ పెట్టిన్నో చూస్కుంటా."

అదృష్టం, నా ఫోన్‌లో ఇంకా ఉంది. వాడికొక్కడికే పంపాను. గట్టు మీద కూర్చుని, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ నాలుగైదు సార్లు చూశాడు. అవే పన్నెండు సెకన్లు. నేను నవ్వులాట కోసం తీసినదాంట్లో వాడు పాదం వెతుక్కుంటున్నాడు.

"గిక్కడ," అన్నాడు వేలు పెట్టి చూపిస్తూ. "గీత దాటినంక ఆగిన. ఆగొద్దుండె."

తర్వాత ఫోన్ నా చేతికిచ్చి పట్టుకోమని, కోర్టులోకి వెళ్లాడు. మళ్లీ ఎడమ నుంచే.