తీర్చవలసిన అప్పు, తీరరాని ఋణము

ధనమును అప్పుగా గొనినవానికి పత్రము కలదు, వడ్డీ కలదు, గడువు కలదు; ఉపకారమును పొందినవానికి ఇవి యేవియు లేవు. అయినను మనుష్యుడు ఈ రెండు ఋణములను తారుమారు చేసి, ఒకదానికి తగిన నడవడిని వేరొకదానియెడ చూపుచుండుట లోకమున నిత్యము కనబడుచున్నది. చుట్టమో నేస్తమో చేబదులుగా నిచ్చిన పైకమును, "మనవాడే గదా, అడుగడులే" యని యేండ్లతరబడి నానబెట్టి, తుదకు దానిని చుట్టరికములో కలిపివేయును. వారములు చేసికొని చదువుకొను దినములలో తన వంతు రోజున పిలిచి, ఆకు వేసి, కడుపునిండ అన్నము పెట్టిన యిల్లాలికి మాత్రము, ఉద్యోగము వచ్చిన పిదప ఒక పట్టుచీర పంపి, "ఆమె ఋణము తీరిపోయిన"దని తేలికగా ఊపిరి పీల్చుకొనును. తీర్చవలసినదానిని తీర్చకుండుటకును, తీరనిదానిని తీరెననుకొనుటకును మూల మొక్కటియే. అది, తా నొకరికి బాధ్యుడనై యున్నాననెడి యెరుకను భరింపజాలని అహంకారము.

ధనఋణమును మన ధర్మశాస్త్రకర్తలు ఎంత పట్టుదలతో విచారించిరో చూడుడు. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానమే మొదటిది. ధనము విషయమున అసలుకు మించిన వడ్డీని ఒక్కమారుగా రాబట్టరాదని ఆయన ఋణదాతకు హద్దు గీసెను. తండ్రి చేసిన అప్పును కుమారుడు తీర్చవలెనని శాసించిన యాజ్ఞవల్క్యుడు, మద్యమునకును జూదమునకును కామమునకును చేసిన అప్పులను మాత్రము ఆ కుమారునిపై మోపరాదనెను.

ప్రోనోటును చేతబట్టి చూచినవా రెరుగుదురు: ముందువైపున స్టాంపుమీద సంతకమో వేలిముద్రయో యుండును, వెనుకవైపున, బాకీదారు కొంత పైకము ముట్టజెప్పినపుడెల్ల, ఇంత రొక్కము ఫలాని తేదీన చెల్లించితినని వ్రాసి సంతకము చేయును. ఆ చెల్లు పడిననాటినుండి గడువు మరల మొదటికి వచ్చును. చెల్లు లేక మూడేండ్లు గడచెనా, పత్రమునకు కాలదోషము పట్టును. ఆ మూడవయేడు ఎప్పుడు దాటునాయని లోలోపల వ్రేళ్లు మడచి లెక్కించువారు మనలో లేకపోలేదు. కాని కాలదోషమువలన ఋణదాతకు న్యాయస్థానముయొక్క ద్వారము మూసికొనునే గాని అప్పు అప్పుగానే నిలిచియుండును. అట్టి బాకీని ఇచ్చెదనని ఋణస్థుడు మరల వ్రాసి సంతకము చేసినచో, 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ఆ మాటను చెల్లుబాటు చేయుచున్నది. చట్టమే యింత చోటు విడిచియుండగా, అంతరాత్మ మూడేండ్ల లెక్క చెప్పి తప్పుకొనుట తగునా?

ఈ సందర్భమున భద్రాచల రామదాసుని చరిత్ర స్మరింపదగినది. పాల్వంచ తహసీలుదారుగానున్న కంచెర్ల గోపన్న, సర్కారుకు చేరవలసిన శిస్తు సొమ్ముతో సీతారామచంద్రులకు ఆలయము కట్టించి, గోలకొండ కోటలో తానీషా చెరయందు పండ్రెండేండ్లు మ్రగ్గెనని జనులు చెప్పుకొందురు. శరణాగతుని సంకెలలు తెంచుట భగవంతునకు ఎంత పని? ఆయన అట్లు చేయలేదు. తమ్మునితో గూడి, రామోజీ, లక్ష్మోజీ యను పేర్లతో అర్ధరాత్రమున తానీషా కడకేగి, ఆరులక్షల వరహాలను కుప్పపోసి, రసీదు వ్రాయించుకొని, దానిని తెచ్చి నిదురించుచున్న భక్తుని చెంత నుంచెనట! కట్టినది దేవాలయమే, కట్టినవాడు పరమభక్తుడే. అయినను సొమ్ము పరులది గనుక, ముందు పైకము ముట్టవలెను, రసీదు రావలెను, పిదపనే విడుదల. బాకీ విషయమున భక్తికి సయితము రాయితీ లేదని ఈ కథ చాటుచున్నది.

ధనఋణమును ఇంత కచ్చితముగా తీర్చిన యా రాముడే ఉపకారఋణము విషయమున ఎట్లు వర్తించెనో రామాయణము చెప్పుచున్నది. ఉత్తరకాండమున, పట్టాభిషేకానంతరము హనుమంతుని సాగనంపునపుడు, "నీవు చేసిన మేలు నాలోనే జీర్ణించుగాక" యను భావమును ఆయన పలికెను. ప్రత్యుపకారము చేయగోరువాడు ఉపకర్తకు ఆపద రావలెనని కోరినవాడగునని అందులకు కారణమును జూపెను. ఎంత సూక్ష్మమైన ధర్మము! నన్ను ఆదుకొన్నవానిని నేను ఆదుకొనవలెనన్న, మొదట అతడు కష్టములో పడవలెను గదా. మహాభారతమున ఉద్యోగపర్వమునందు, సంజయునితో సంభాషించుచు శ్రీకృష్ణుడు, తాను దూరముననున్నపుడు ద్రౌపది గోవిందాయని మొఱపెట్టిన యాక్రందనము తనకు ఋణమై, నానాటికి పెరిగి, హృదయమును వీడిపోకున్నదని చెప్పుకొనెను. వరహాలను లెక్కించి యిచ్చి రసీదు గొనగల భగవంతుడు, ఇచ్చట రసీదు నడుగక, ఋణస్థుడుగా నుండుటకే యొప్పుకొనుచున్నాడు.

అట్లని కృతజ్ఞత దాస్యము కారాదు. అవమానితుడై నిలిచిన కర్ణునికి సుయోధనుడు అంగరాజ్య మిచ్చి ఆదరించెను. ఆ మేలును మరువక, కృష్ణుడు రాజ్యము నిప్పింతునన్నను చలింపకుండుట కర్ణుని ఘనతయే. కాని ఆ ఋణము తీర్చుకొను తొందరలో నిండుసభయందు ద్రౌపదిని అవమానించుట, పొరుగువాని సొమ్ముతో తన యప్పు తీర్చుట వంటిది. దుర్యోధనుని ప్రీతికొఱకు పాండవులనాడిన పరుషవాక్యములకు తాను పరితపించుచున్నానని కర్ణుడే తరువాత కృష్ణునితో ననెను. ఇట్లే, "నా ఉప్పు తిన్నావు సుమా" యని మాటిమాటికి ఎత్తిపొడుచు దాత కూడ, తానిచ్చినదానిని దానపు పద్దునుండి తీసి వడ్డీవ్యాపారపు పద్దులో వ్రాసికొనుచున్నాడు.

మరి తీరని ఋణమును ఏమి చేయవలెను? తైత్తిరీయసంహిత ఋషిఋణము, దేవఋణము, పితృఋణమునని మూడింటిని పేర్కొనగా, శతపథబ్రాహ్మణము నాలుగవదిగా మనుష్యఋణమును చేర్చి, వచ్చినవారికి నీడ నిచ్చి అన్నము పెట్టుట దానికి మార్గమని చెప్పుచున్నది. ఎవరివలన మేలు పొందితిమో వారికే తిరిగి పెట్టుమని అది కోరలేదు. మన వాకిట నిలిచినవానికి పెట్టుమన్నది. ఆదిపర్వమున పాండురాజు ఈ నాలుగు ఋణములనే ముచ్చటించుచు, మనుష్యఋణము దయచేతనే తీరుననెను. మనకు మేలు చేసినవారిలో అనేకులు గతించియుందురు. కొందరి పేరైనను మనమెరుగము. వారికి చేరవలసినదానిని నేడు అవసరములో నున్నవానికి చేర్చుటయే ధర్మము.

ఈ దృష్టి కుదిరిననాడు దాతయొక్క గర్వమునకు తావే యుండదు. మనచేత సాయము పొందినవాడు మనకు ఋణపడలేదు. మనము ఎన్నడో యెవరివద్దనో పొందినదానిలో కొంత ఆతని చేతికి ముట్టినది, అంతియే. కావున అతడు మనకు నమస్కరింపలేదని నొచ్చుకొనుట, బాకీదారు తాను బాకీ చెల్లించి, పుచ్చుకొన్నవానినుండి కృతజ్ఞత నాశించుటయే యగును.