గాండీవం విడిచే వేళ

నమ్మకంగా పనిచేస్తున్న పాత కెమెరాను మార్చాలా వద్దా అన్న తర్జనభర్జన పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఏటా దసరా ముందు ముదురుతుంది. ఆఫర్లూ కిస్తీలూ ఊరించేది ఆ రోజుల్లోనే. ఆయుధపూజలో బొట్టు ఏ కెమెరాకన్నది మహర్నవమిలోగా తేలాలి. 1970లో ఏర్పడిన క్షిపణుల సంస్థ భారత్ డైనమిక్స్, 1973 నాటి లోహాల సంస్థ మిధాని ఉన్న హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ఆయుధమంటే నిజంగా ఆయుధమే. అక్కడి రక్షణ సంస్థల ఆవరణల్లో ఫొటోలు తీయనివ్వరు. ఆ చుట్టుపక్కల కెమెరాకు పని దొరికేది చంపాపేట దారిలోని ఫంక్షన్ హాళ్లలో.

పెళ్లి ఫొటోగ్రాఫరుకు కెమెరాయే ఆయుధం. 2008లో వచ్చిన నికాన్ డీ700నే చూడవచ్చు. దానివి 12.1 మెగాపిక్సెళ్లు. 12×18 అంగుళాల ఆల్బం పేజీ మీద అంగుళానికి దాదాపు 236 పిక్సెళ్లు పడతాయి. ఒళ్లో పెట్టుకుని తిరగేసే ఆల్బానికి అవి చాలు. దాని షట్టర్‌ను లక్షా యాభై వేల క్లిక్కులకు పరీక్షించారు. ఆ అంకె దాటగానే కెమెరా మూలపడదు, షట్టర్ పోతే మార్పించుకోవచ్చు. ఇంతమాత్రానికి 45 మెగాపిక్సెళ్ల కోసం అప్పు చేయడం పనికోసం కాదు, పక్కవాడి మెడలో వేలాడేదాన్ని చూసి. దానికి వృత్తిధర్మమని పేరు పెట్టడం ఇంకా పెద్ద తప్పు.

దసరాకు చెప్పుకునే కథా పాతదాని పక్షమే. అజ్ఞాతవాసం ముగియగానే పాండవులు జమ్మిచెట్టు మీది పాత ఆయుధాలే దించుకున్నారు. ప్రవచనాలు సాధారణంగా ఇక్కడే ఆగిపోతాయి. అర్జునుడి విల్లు గాండీవం కథ మాత్రం ఇంకా ఉంది. కృష్ణ నిర్యాణం తరువాత అర్జునుడికి దాన్ని ఎక్కుపెట్టడమే కష్టమైంది. అయినా మహాప్రస్థానంలో వెంట మోసుకెళ్లాడు. అగ్నిదేవుడు అడ్డుపడి, దాని పని అయిపోయింది, వరుణుడికి తిరిగి ఇచ్చెయ్యమన్నాక గాని నీటిలో విడవలేదు. వ్యాసుడు దీన్ని భక్తి అనలేదు, లోభమన్నాడు. కొత్తదాని మీది ఆశ ఎంత బంధమో, పాతదాని మీది మమకారమూ అంతే.

కాబట్టి చూడవలసింది, లోటు ఎవరికన్నది. డీ700లో కార్డు ఒక్కటే పడుతుంది. అది చెడితే మాంగల్యధారణ మళ్లీ జరగదు. వీడియో అసలే లేదు. 2014 నాటి డీ750లో కార్డులు రెండు, వీడియో ఉంది. ఇక్కడ నష్టం పెళ్లివారిది. అలాంటప్పుడు పాతదాన్ని పట్టుకు వేలాడటం నిరాడంబరత కాదు. డబ్బు చాలకపోతే ముహూర్తాల నెలలో అద్దెకు తెచ్చుకోవచ్చు, సెకండ్‌హ్యాండ్‌లో కొనవచ్చు. పాత కెమెరాను బీరువాలో పెట్టి పూజించడంకన్నా పని నేర్చుకునే కుర్రాడి చేతికివ్వడం మేలు.

లెన్సుల లెక్క వేరు. డీ700కు పడినవి డీ750కీ పడతాయి. 2018లో వచ్చిన నికాన్ మిర్రర్‌లెస్ జెడ్ బాడీలకు ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో వాటిలో చాలావరకు అమరుతాయి. బాడీలోని మోటారుతో తిరిగే పాత డీ రకం లెన్సులకు మాత్రం అక్కడ ఆటోఫోకస్ ఉండదు, చేత్తో తిప్పుకోవాలి.