ధర్మము వాణిజ్యమా?

వర్తకుడు పెట్టుబడి పెట్టునపుడు రాబడిని లెక్కించును. లాభము రానిచో ఆ వ్యాపారమును విడిచి మరియొకదానిని చేపట్టును. అంగడిలో ఇది వివేకమే. మతమును గూడ ఈ త్రాసుననే తూచువారు కలరు. ఇన్ని వ్రతములు చేసితిమి, ఇంత దానమిచ్చితిమి, మాకేమి లభించినదని వారు ప్రశ్నింతురు.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మహాభారతమున అరణ్యపర్వమందు ద్రౌపది ధర్మరాజును అడిగినది ఇదియే. యజ్ఞదానములను ఏనాడును మానని భర్త రాజ్యమును గోల్పోయి అడవులపాలగుట చూచి ఆమె హృదయము తల్లడిల్లెను. ఫలమునాశించి తాను ధర్మము నాచరించుట లేదనియు, ధర్మముతో వర్తకము చేయువాడు అధముడనియు ధర్మరాజు సమాధానమిచ్చెను.

అట్లయిన భగవంతుని ఏమియు కోరరాదా? కోరవచ్చును. గీత ఏడవ అధ్యాయమున ఆర్తుని, అర్థార్థిని గూడ భక్తులలోనే చేర్చినది. బిడ్డ తల్లిని అన్నమడుగును. కాని తల్లితో జమాఖర్చులు వ్రాసికొనదు.

లాభమునకై ధర్మమును చేపట్టినవాడు నష్టము వచ్చిన దినముననే దానిని విడిచిపోవును. ధర్మము మనకు మిక్కిలి అవసరమగునది ఆ దినముననే గదా! రాజ్యమును, సంపదను గోల్పోయిన ధర్మరాజు అడవిలోను విడువక నిలుపుకొన్నది దానినే.