ఒకే ఓడ, ఎన్నో అంతస్తులు

 



తెనాలి వెళ్ళే రైల్లో పక్క సీటాయన "ఏ ఊరండీ మీది?" అని అడిగితే, స్టూవర్టుపురం వాళ్ళలో కొందరు "బాపట్ల దగ్గర" అని ఊరుకుంటారు. ఊరి పేరు చెప్పగానే ఎదుటివారి చెయ్యి సంచీ మీదికి పోతుందని వాళ్ళకు తెలుసు. ఆ చెయ్యి ఎందుకలా పోతుందో తెలుసుకోవడానికి, మునిగిపోయిన ఒక ఓడ సంగతి చెప్పుకుందాం.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ ఎక్కినవారిలో రూత్ బెకర్ అనే పన్నెండేళ్ళ పిల్ల ఉంది. పుట్టింది మన గుంటూరులోనే, 1899లో. తండ్రి లూథరన్ మిషనరీ. తమ్ముడికి జబ్బు చేస్తే తల్లి ముగ్గురు పిల్లల్ని తీసుకుని అమెరికా బయలుదేరింది. వాళ్ళది రెండో తరగతి టిక్కెట్టు.

14వ తేదీ రాత్రి 11.40కి ఓడ మంచుకొండను గుద్దుకుంది. 2.20కల్లా మునిగిపోయింది. ఓడలో సుమారు 2,200 మంది. ప్రాణరక్షణ పడవలు 20. వాటిలో 1,178 మందికే చోటు. అయినా చట్టం అడిగినదానికన్నా ఆ ఓడలో పడవలు ఎక్కువే! ఓడలు పెరిగాయి గానీ చట్టం పెరగలేదు. సుమారు 1,500 మంది చనిపోయారు.

పిల్లల లెక్క చూడండి. మొదటి, రెండో తరగతుల పిల్లలు దాదాపు అందరూ బతికారు. బ్రిటిష్ విచారణ లెక్కలో మూడో తరగతి పిల్లలు 79 మంది. బతికింది 27 మంది.

ఇది వినగానే మనలోనూ ఎవరో ఒకరు "వాళ్ళ కర్మ అంతే" అనేస్తారు. ఆ 52 మంది పసివాళ్ళు చేసిన పాపమేమిటి? పై అంతస్తులో పుట్టిన పిల్లలు చేసిన పుణ్యమేమిటి? పూర్వజన్మ పాపం వల్లే ఈ జన్మలో పేదరికం అనే వాదాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. అది సమాజాన్ని బాధ్యత నుంచి తప్పించే ఎత్తు అన్నారు.

ఇంకొకరు "అంతా అనిచ్చ కదా, చావు అందరికీ ఒకటే" అనవచ్చు. నిజమే, మంచుకొండ ఎవరినీ టిక్కెట్టు అడగలేదు. కానీ పడవల లెక్క వేసింది మనుషులు. కింది అంతస్తుల వాళ్ళను పడవలకు దూరంగా ఉంచింది మనుషులు. ప్రకృతి తెచ్చే దుక్ఖం ఒకటి, మనిషికి మనిషి తెచ్చిపెట్టే దుక్ఖం మరొకటి. రెండో దాన్ని మొదటి దాని ఖాతాలో రాయడం ధమ్మం కాదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఆ ఓడ మునిగిన కాలంలోనే, ఒకటి రెండేళ్ళ తేడాతో, సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేనిదే ఊరు దాటకూడదు. బిడ్డ పుట్టకముందే చేతిలో మూడో తరగతి టిక్కెట్టు పెట్టినట్టే కదా! ఆ చట్టం 1952లో రద్దయింది. సంచీ మీది చెయ్యి మాత్రం రద్దు కాలేదు.

"ఆ ఊళ్ళో దొంగలు నిజంగానే ఉండేవారు గదా" అంటారా? ఉండేవారు. ఇవ్వనిది తీసుకోకూడదన్న రెండో శీలం వాళ్ళకూ ఉంది, మనకూ ఉంది. కానీ కమ్మ అంటే మనిషి తెలిసి చేసిన పని. శీలం తప్పితే ఆ మనిషి తప్పుతాడు, ఊరు తప్పదు. పుట్టిన బిడ్డ అసలే తప్పదు. పుట్టుకను బట్టి మనిషి గుణం తేల్చడాన్ని కాదన్నందుకే కదా మనం బుద్ధుణ్ణి శరణు కోరింది?

మరి మనమేం చేస్తున్నాం? మనుషులంతా సమానమని 22 ప్రతిజ్ఞల్లో పలికాం. ఇంటికొచ్చాక మాల, మాదిగ, ఎరుకల అని అంతస్తులు లెక్కపెడుతున్నాం. పెళ్ళి మాట వస్తే, ఇల్లు అద్దెకడిగితే, మన చెయ్యి ఎటు పోతోంది?

రూత్‌ను తల్లి దుప్పట్లు తెమ్మని పంపింది. తెచ్చింది గానీ, తల్లీ తమ్ముడూ చెల్లీ 11వ పడవలో వెళ్ళిపోయారు. ఆమె ఒంటరిగా 13వ పడవ ఎక్కింది. అందులో బొయిలర్లలో బొగ్గు వేసే కార్మికులు చలికి వణుకుతున్నారు. ఆ దుప్పట్లను చీల్చి వాళ్ళకు కప్పారు. ఆ చీకట్లో ఏ తరగతి టిక్కెట్టని ఎవరూ అడగలేదు.

ఓడ మునిగేదాకా ఆగకండి. ఈసారి రైల్లో ఎవరైనా "స్టూవర్టుపురం" అంటే మీ చెయ్యి ఎక్కడికి పోతోందో గమనించండి. ఆ గమనికే సతి. ఆ చేతిని వెనక్కి తీసుకుని "జై భీమ్" అనడం మెత్త.

భవతు సబ్బ మంగళం.