ప్రవక్తల వాక్కు – అన్యజనుల పంక్తి



సత్యము ఏ గ్రంథమునందున్నను గైకొనవలెననుట బ్రాహ్మధర్మమునకు ఆదినుండియు నియమము. రాజా రామమోహనరాయలవారు 1820లో యేసుని నీతిబోధలను మహిమల కథలనుండి వేఱుపఱచి ప్రకటించిరి. ఆ మార్గముననే యూదుల ప్రవక్తలకును ఆదిమ క్రైస్తవసంఘమునకును చెందిన యొక వివాదమును నేడు విచారింతము. అది పరదేశపు పాతకథయని తోచును గాని, అందలి ప్రశ్న మన యింటిదే. దేవుని యెదుట సమానుడని నోట నొప్పుకొనినవానిని మన ప్రక్కను కూర్చుండబెట్టుకొందుమా?

యూదులు తమ్ము దేవుడు ఎన్నుకొనిన జనమనియు, తక్కినవారందఱు అన్యజనులనియు ఎంచిరి. ఆ గర్వమును ఖండించినవారును ఆ జనమునందే పుట్టిరి. క్రీస్తునకు పూర్వము ఎనిమిదవ శతాబ్దమున తెకోవ గ్రామపు పసులకాపరి యగు ఆమోసు, ఇశ్రాయేలీయులను ఐగుప్తునుండి విడిపించిన ప్రభువే వారి శత్రువులగు ఫిలిష్తీయులను, సిరియనులను సహితము నడిపించి తెచ్చెనని చాటెను. యెషయా గ్రంథము దేవుని సేవకుని సర్వజాతులకు వెలుగుగా నుండుమని పిలిచినది. యోనా కథయందు నీనెవె పురవాసులు పశ్చాత్తాపపడి రక్షింపబడగా, సంతోషింపవలసిన ప్రవక్తయే అలిగి కూర్చుండును. తన దేవుడు పరులను కరుణించుట అతనికి కష్టమైనది! ఎన్నిక యనగా అధికారము కాదు, సేవాభారమని ఈ గ్రంథముల తాత్పర్యము.

యేసుని తొలి శిష్యులందఱును యూదులే. పేతురు కైసరయలో రోమను శతాధిపతి యగు కొర్నేలీ యింట ప్రవేశించి వచ్చినప్పుడు, యెరూషలేములోనివారు ఆక్షేపించినది అతని బోధను కాదు, అన్యులతో భుజించుటనే. సుమారు క్రీ.శ. 49లో పెద్దలు సభచేరి, సున్నతి లేనిదే అన్యజనులు సంఘమున చేరరాదా యని చర్చించిరి. అప్పుడు యాకోబు ఆమోసు వాక్యమునే ప్రమాణముగా చూపెను. ఇచ్చట నొక విశేషము కలదు. హీబ్రూ మూలమున ఆ వాక్యము, ఎదోము దేశములో మిగిలినదానిని ఇశ్రాయేలు స్వాధీనపఱచుకొనునని చెప్పును. యాకోబు నోట వచ్చిన గ్రీకు పాఠమునందు, మనుష్యులలో మిగిలినవారు ప్రభువును వెదకుదురని యున్నది. ఎదోము, మనుష్యుడు అను పదములకు హీబ్రూ అక్షరములు దాదాపు ఒక్కటియే. జయించుటను గూర్చిన వాక్యము చేర్చుకొనుటను గూర్చిన వాక్యమైనది! పాఠభేదమును పండితులు విచారింతురుగాక. శాస్త్రము చదువువాని హృదయ మెంత విశాలమో శాస్త్రార్థమును అంత విశాలమగునని మనము గ్రహింతము.

అయినను సభాతీర్మానము ఒకటి, పంక్తి వేఱొకటి. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భుజించుచుండి, యాకోబునొద్దనుండి కొందఱు రాగానే వెనుదీసెను. పౌలు అతనిని అందఱి యెదుట నిలదీసెను. పేతురు సిద్ధాంతమును మార్చుకొనలేదు. నలుగురు చూచెదరని భయపడెను, అంతియే.

ఈ పరీక్ష తెలుగుదేశమునకును వచ్చినది. 1866లో ఒంగోలు చేరిన అమెరికను బాప్టిస్టు బోధకుడు క్లౌ దొరను, యెఱ్ఱగుంట్ల పేరయ్య మొదలగు మాదిగ కులజులు ఆశ్రయించిరి. వారిని చేర్చుకొనినచో తాము రామని అగ్రవర్ణులు తెలిపిరి. దొర మాదిగలనే చేర్చుకొనెను. కరవు పనులు నడచినంతకాలము జ్ఞానస్నానములు నిలిపియుంచినను, 1878 జూలై 3వ తేదిని ఒక్కదినముననే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో దానిని పొందిరి. మతాంతరమును గూర్చిన వాదము నేడు మనకు వలదు. మన తలుపు మూసియుండుటచేతనే వారు వేఱు తలుపు తట్టిరనుటను మాత్రము మఱవరాదు.

నారాయణఖేడు సీమలోని మన కంగ్టి తెలుగు, కన్నడము, మరాఠీ కలియు పొలిమేర. 1956 వఱకు ఈ సీమ బీదరు జిల్లాలోనిది. బసవేశ్వరుని కల్యాణమును ఆ జిల్లాలోనిదే. పండ్రెండవ శతాబ్దమున అచ్చట చర్మకారుడగు హరళయ్య కుమారునకు బ్రాహ్మణుడగు మధువరసుని కుమార్తె నిచ్చి వివాహము చేసిరనియు, అందులకు తండ్రు లిరువురును ప్రాణము లర్పించిరనియు శరణుల సంప్రదాయము చెప్పును. కావున ఈ ప్రశ్నకై మనము అంతియొకయ వఱకు పోనక్కఱలేదు.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. శాసనము గుడి తలుపు తెఱువగలదు గాని, మన భోజనశాలలో పీట వేయజాలదు. మందిరమున ఏకేశ్వరుని కీర్తించి, యింట పంక్తిభేదము పాటించువాడు అంతియొకయలోని పేతురే. కావున మీ యింట జరుగు తొలి శుభకార్యమున, ఇన్నాళ్లు వాకిట నిలిచినవానిని మీ ప్రక్కను కూర్చుండబెట్టి భుజింపుడు. అతడు పిలిచినచో అతని యింటికిని పోయి భుజింపుడు. పెట్టుటకంటె పుచ్చుకొనుట మనకు కష్టము; అహంకారము అచ్చటనే దాగియుండును.

సర్వజనక! నీవు పరులను కరుణించునపుడు అలుగని హృదయము మాకిమ్ము. నలుగురు చూచునపుడును వెనుదీయని ధైర్యము మాకిమ్ము. నీ బిడ్డలలో నెవ్వరిని అన్యులని పిలువకుండునట్లు మా నాలుకలను శుద్ధిచేయుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.